వెనక గదిలోంచి వచ్చిన జవాబు

పాత ఇల్లు పడగొట్టేటప్పుడు మొదటి సమ్మెట దెబ్బ పడకముందే ఒక మనిషి లోపలికి వెళ్ళి కేక వెయ్యాలి. గదిగదికీ ఆగి, "లోపల ఎవరన్నా ఉన్నారా" అని గట్టిగా అడగాలి. అడిగిన వెంటనే బయటికి వచ్చెయ్యకూడదు. గోడకి అరచెయ్యి ఆనించి, తన కేక తన చెవుల్లోంచి పూర్తిగా పోయేదాకా నిలబడాలి. తాగి పడుకున్నవాళ్ళుంటారు. తలుపు చట్రాలు ఊడబీక్కుపోదామని దూరిన దొంగలుంటారు. మర్చిపోయిన సామాను కోసం చెప్పాపెట్టకుండా వెనక్కొచ్చిన ఇంటివాళ్ళుంటారు. ఎవరున్నా "ఉన్నా" అనాలి. ఎవరూ అనకపోతే, కేకేసినవాడు గుమ్మంలోకి వచ్చి "ఖాళీ" అంటాడు. ఆ మాట పడ్డాకే సమ్మెట లేస్తుంది. ఇళ్ళు పడగొట్టే ఆ ముఠాలో, దాన్ని నడిపే మేస్త్రి వాళ్ళ తాత నాటి నుంచీ ఇదే పద్ధతి.

ఆ కేక వేసేవాడు కేకన్న. అతనికి ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది గానీ, ఆ పేరుతో పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూడడు. మనిషి చూస్తే గాలికి ఎగిరిపోయేలా ఉంటాడు. గొంతు విప్పితే మాత్రం పక్క వీధిలో కుక్కలు లేచి నిలబడతాయి. "తిన్నదంతా ఒంటికి పట్టకుండా గొంతుకే పోతోంది" అంటుంది పెళ్ళాం.

యంత్రాలొచ్చాక ముఠాకి సన్న సందుల్లో పనే మిగిలింది. ఒక ఇంటి భుజం మీద ఇంకో ఇల్లు వాలినట్టుండే చోట, బండి దూరని చోట, పక్కవాళ్ళ గోడ బీటలివ్వకుండా ఇటుక ఇటుకా చేత్తో విప్పాలి. కేకన్న కేకెయ్యని ఇల్లు లేదు, ఎక్కని అటక లేదు. వయసు మీద పడుతోంది, మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. అయినా కేక ఉన్నంతకాలం ముఠాలో తన చోటు తనకుందని ధీమాగా ఉండేవాడు.

అతని అక్క కూతురు ఇద్దరు స్నేహితులతో కలిసి టైర్ల కొట్టు మీద గదిలో కంప్యూటర్ ఆట ఒకటి తయారుచేస్తోంది. శాపం తగిలి జనమంతా మాయమైపోయిన ఒక రాజ్యం. ఆడేవాడు కత్తి పట్టుకుని, ఒక ముసలి కాపలావాణ్ణి వెంటబెట్టుకుని ఊళ్ళన్నీ తిరగాలి. మంత్రాలు నేర్చుకోవాలి, రాక్షసుల్ని కొట్టాలి, జనం ఏమైపోయారో కనిపెట్టాలి. ఆ ముసలి కాపలావాడు ప్రతి పాడింటి ముందూ ఆగి, లోపల ఎవరైనా ఉన్నారేమోనని పిలుస్తాడు. ఆ పిలుపు కోసమే ఒకసారి మేనకోడలు మామయ్య ఇంటికి వచ్చింది.

"అద్దెకి తెచ్చిన గొంతులన్నీ సుష్టుగా భోంచేసి కుర్చీలో కూర్చున్నట్టున్నాయి మామయ్యా. నీ గొంతు కావాలి. అది కూడా పాడింట్లోనే కావాలి."

"నా గొంతుతో ఏం చేసుకుంటావే?"

"రాజ్యాన్ని ఉద్ధరిస్తా."

"ముందు మీ అమ్మకి వారానికోసారి ఫోను చెయ్యి. రాజ్యం సంగతి తర్వాత."

గొంతు పట్టే చిన్న పెట్టె ఒకటి ఇచ్చి, చొక్కా కాలరుకి ఎలా తగిలించుకోవాలో చూపించి వెళ్ళింది. దానికోసం ప్రత్యేకంగా ఏం చెయ్యొద్దని, రోజూ వేసే కేకే వెయ్యమని చెప్పింది.

మర్నాడు పని ఒక సందు ఇంట్లో. ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు, రైలు పెట్టెలా. కేకన్న మొదటి గదిలో పిలిచాడు. ఏమీ లేదు. రెండో గదిలో పిలిచాడు. ఏమీ లేదు. వెనక గదికి కిటికీ లేదు. గచ్చు మీద మంచం కోళ్ళు దిగిన గుంటలున్నాయి. తల ఆనిన చోట గోడ నల్లగా నూనె పట్టి ఉంది. అక్కడ నిలబడి పిలిచాడు. గోడకి అరచెయ్యి ఆనించాడు. కేక సద్దుమణిగింది.

"ఉన్నా."

గట్టిగా అన్న మాట కాదు. పడుకున్న మనిషి, బాగా తెలిసినవాళ్ళతో అన్నట్టుంది. విసుగూ లేదు, భయమూ లేదు. కేకన్న చుట్టూ చూశాడు. నాలుగు గోడలు, గచ్చు, అంతే. నక్కి కూర్చోవడానికి గూడు కూడా లేదు.

బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ఖాళీ అనడానికి నోరు తెరిచాడు గానీ మాట రాలేదు.

"ఏమైంది?" అన్నాడు మేస్త్రి.

"వెనక గదిలో ఎవరో పలికారు."

అందరూ లోపలికి దూరారు. పైకప్పు చూశారు, దొడ్డి చూశారు, నీళ్ళ తొట్టి మూత ఎత్తి చూశారు. ముఠాలో పొడుగోడు అని ఒకడున్నాడు, వాడికి ఏ పనీ సరదా లేకుండా సాగదు. "నేను పిలిచినా పలుకుతుందేమో" అని తనూ పిలిచాడు. ఏమీ లేదు. "అన్నా, నీ గొంతు నచ్చినట్టుంది దానికి. నన్ను పట్టించుకోవట్లేదు" అన్నాడు.

ఎండ నెత్తికెక్కేదాకా మేస్త్రి ఓపిక పట్టాడు. "పక్కింటోడు పలికుంటాడు లేవయ్యా, గోడ ఒకటే కదా" అన్నాడు. కేకన్న అప్పటికీ ఆ మాట అనలేదు. చివరికి మేస్త్రే గుమ్మంలో నిలబడి "ఖాళీ" అన్నాడు. కేకన్న ఉండగా ఇంకొకళ్ళు ఆ మాట అనడం అదే మొదలు. సమ్మెట పడింది.

ఆ ఇల్లు పూర్తిగా దిగేదాకా కేకన్న తట్ట మోశాడు. ఎవరూ చెప్పలేదు, తనే అడిగి తీసుకున్నాడు. వెనక గది మట్టి ప్రతి తట్టా లారీలో పొయ్యకముందు చేత్తో కెలికి చూశాడు. ఇటుకలు, సున్నం పెళ్ళలు, తుప్పు మేకులు. మనిషన్న ఆనవాలు లేదు. గచ్చు తవ్వినప్పుడు కూడా పక్కనే నిలబడి చూశాడు. కింద మామూలు మట్టే.

పక్కింటావిడ తాగడానికి నీళ్ళిస్తూ తనంతట తనే చెప్పింది. "ఆ వెనక గదిలో కుట్టుపనావిడ మొగుడు ఏళ్ళ తరబడి మంచం మీదే ఉన్నాడయ్యా. ఆవిడేమో ముందు గదిలో మిషను. పని వదిలి లేవలేదు, ఆయన్ని వదిలి ఉండలేదు. ఉండుండి మిషను ఆపి 'ఉన్నారా' అనేది. ఆయన 'ఉన్నా' అనేవాడు. మళ్ళీ మిషను తిప్పేది. రోజంతా అదే. మా గోడకి వినబడేది."

"ఇప్పుడాయన?"

"పోయి చాలాకాలమైంది. ఆవిడ చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయింది."

కేకన్న గ్లాసు తిరిగిచ్చేశాడు. నీళ్ళు తాగాడో లేదో అతనికే గుర్తులేదు.

పక్కింటావిడ చెప్పిన ఈ సంగతి అతను ముఠాలోనూ ఇంట్లోనూ ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోవడానికి కారణముంది. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో, ఎవరో పిలిచినట్టు "ఆఁ, వస్తున్నా" అని తింటున్న కంచం వదిలేసి లేచేవాడు. ఎవరూ లేని వరండాలోకి వెళ్ళి నిలబడేవాడు. తర్వాత్తర్వాత ఇంట్లోవాళ్ళు పిలిస్తే పలకడం మానేసి, వాళ్ళకి వినబడనివాళ్ళకే పలికేవాడు. అది మొదలైంది ఇంచుమించు ఈ వయసులోనే. నాన్నకొచ్చింది తనకీ వచ్చిందా? కేకన్నకి ఆ ఇంటి కన్నా ఈ ప్రశ్నే ఎక్కువ భయం.

ఆ రోజు పెట్టె కాలరుకే ఉంది కదా, అందులో ఏముందో వినొచ్చు కదా అని తోచకపోలేదు. మేనకోడలు వచ్చి పట్టుకెళ్ళేటప్పుడు అడగబోయి ఆగిపోయాడు. విన్నాక అందులో తన కేక ఒక్కటే ఉంటే? అప్పుడిక అనుమానం కూడా మిగలదు.

ఆ తర్వాతి ఇళ్ళలో కేక కుదరలేదు. ఒక్కో గదిలో రెండుసార్లు, మూడుసార్లు పిలిచేవాడు. బయటికొచ్చి, మళ్ళీ లోపలికెళ్ళేవాడు. ముఠా అంతా ఎండలో సమ్మెటలు పట్టుకుని, పెళ్ళికూతురి కోసం చూస్తున్నట్టు నిలబడేది. కొన్నాళ్ళు చూసి మేస్త్రి పక్కకి పిలిచాడు. "చెవులు చూపించుకో. అందాకా కేక పొడుగోడు వేస్తాడు" అన్నాడు. మేస్త్రి చెడ్డవాడు కాదు, మెల్లగానే చెప్పాడు. కేకన్న తట్ట అందుకున్నాడు. అప్పట్నుంచీ తట్టే.

ఇంటికొచ్చినా గుమ్మంలో పెళ్ళాన్ని పిలవడం మానేశాడు. పిలిస్తే ఎవరు పలుకుతారో, పలికింది నిజమో కాదో ఎందుకొచ్చిన గొడవ. చప్పుడు లేకుండా వచ్చి వెనక నిలబడేవాడు.

"పిల్లిలా వస్తావేంటయ్యా, ఏదో ఒకరోజు గుండాగి చస్తాను" అనేది ఆవిడ. "కేకన్నని చేసుకున్నాననుకున్నా, మూగన్న దొరికాడు."

చాన్నాళ్ళకి, ఒక సెలవు రోజు పొద్దున మేనకోడలు కంప్యూటర్ బల్లతో సహా ఊడబీక్కొచ్చినట్టు ఒక పెద్ద సంచీ మోసుకుంటూ వచ్చింది. కళ్ళ కింద నల్లగా ఉంది.

"ఆట సగమే అయింది మామయ్యా. అయినంతవరకూ కొంతమందికి ఆడమని ఇచ్చాం. తప్పులుంటే రాయమన్నాం. ఇక చూడు."

"తిడుతున్నారా?" అంది కేకన్న పెళ్ళాం, పళ్ళెంలో పప్పు ఏరుతూ.

"తిడితే బాగుండేది. విను అత్తా. 'గుర్రం గోడలోంచి వెళ్ళిపోతోంది, నేను మాత్రం గోడకి కొట్టుకుంటున్నాను.' 'వంటవాణ్ణి రాక్షసుడు చంపేశాక కూడా గరిటె తిప్పుతున్నాడు, పని మీద అంత భక్తి అవసరమా.' 'మాంత్రికుడు ముందుకెళ్ళిపోయాడు, గడ్డం వెనకే ఉండిపోయింది.'"

అత్త పప్పు వదిలేసి నవ్వింది. కేకన్న కూడా కొంచెం నవ్వాడు. "నా కేక ఎలా ఉందన్నారు?"

"అందరికీ నచ్చింది. అదే గొడవ." మేనకోడలు తెర కిందికి జరిపింది. "ఒక ధాన్యపు కొట్టుంది ఆటలో. నీ మూడో కేక అన్నిట్లోకీ బాగుందని, కొయ్యకుండా ఉన్నదున్నట్టు అక్కడ పెట్టాను. ఇప్పుడు సగం మంది దాని గురించే రాస్తున్నారు. 'ధాన్యపు కొట్లో పలికే మనిషి ఎక్కడున్నాడు? బస్తాలన్నీ జరిపి చూశాను.' 'ఆ మనిషిని కాపాడడానికి ఏ మంత్రం కావాలో చెప్పండి.' ఇంకొకడు అసలు కథ వదిలేసి అక్కడే కూర్చున్నాడు. మా వాళ్ళేమో ఇది నా చిలిపి పనని నామీద పడుతున్నారు. మా గదిలో పంకా రొద, దానికితోడు ఆటలో సంగీతం, మాకెప్పుడూ వినబడలేదు. చెవులకి పెట్టుకుని వింటే ఉంది." ఆగి, అతని వైపు చూసింది. "ఆ రోజు లోపల నీతో ఇంకెవరున్నారు మామయ్యా?"

కేకన్న కుర్చీ తెర ముందుకి లాక్కున్నాడు. "చూపించు" అన్నాడు.

"నువ్వే ఆడు. ఇదిగో, ఇది నొక్కితే నడుస్తాడు."

బొటనవేళ్ళు ఇటుకల్ని పట్టడానికి అలవాటుపడ్డవి, మీటల మీద నిలవలేదు. తెర మీద కత్తివీరుడు చెట్టుకి తల ఆనించి కాసేపు నడిచాడు. తర్వాత దారిలో పడ్డాడు. మొదటి పాడింటి ముందు ముసలి కాపలావాడు ఆగి, కేకన్న గొంతుతో కేకేశాడు. కేకన్న మీట వదిలేశాడు.

"లోపలికి పోవచ్చు మామయ్యా."

"ఆగవే. పిలిచాం కదా, పలకనీ."

"అక్కడెవరూ లేరు. నేనేగా కట్టింది."

అయినా కేకన్న ఆగాడు. కేక సద్దుమణిగాకే వీరుణ్ణి కదిపాడు. ప్రతి ఇంటి దగ్గరా అంతే. వెనక నుంచి ఒక చిన్న రాక్షసుడు వచ్చి కొడుతున్నా కదల్లేదు. మేనకోడలు పక్క నుంచి మీట లాక్కుని రాక్షసుణ్ణి చంపి మళ్ళీ చేతికిచ్చింది. "ఇంత మర్యాదగా ఆడినవాణ్ణి ఇంతవరకూ చూళ్ళేదు" అంది.

ధాన్యపు కొట్టు వచ్చింది. చీకటిగా ఉంది, బస్తాలున్నాయి. ఆ అమ్మాయి సంగీతం తీసేసి, శబ్దం పెంచింది. ముసలివాడు గుమ్మంలో నిలబడ్డాడు.

"లోపల ఎవరన్నా ఉన్నారా?"

కేకన్న తెలియకుండానే అరచెయ్యి పక్కనున్న గోడకి ఆనించాడు.

"ఉన్నా."

పళ్ళెంలో పప్పు కదలడం ఆగింది. అత్త లేచి దొడ్డి వైపు చూసింది. "ఎవరది? ఎవరో వచ్చినట్టున్నారు."

"నీకూ వినబడిందా?" అన్నాడు కేకన్న.

"చెవుడా నాకు? మగమనిషి. ఉన్నా అన్నాడు."

అతను కుర్చీలోంచి కిందికి జారి నేల మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళుగా బిగబట్టినదేదో వీపులోంచి జారిపోయింది. నాన్నది కాదు. నాన్నకొచ్చింది కాదు. పెళ్ళాం విన్నది, ఊరూపేరూ తెలియని వాళ్ళెందరో విన్నారు. ఆ సంతోషం ఉన్నది కొద్దిసేపే. తర్వాత మిగతాది అర్థమైంది. పలికింది నిజమైతే, పలికిన మనిషి లోపల ఉండగానే సమ్మెట పడింది.

"మొత్తం ఉందా నీ దగ్గర? కొయ్యనిది?"

మేనకోడలు పెట్టింది. అతని అడుగులు. ముఠా వెతుకులాట. పొడుగోడి పరాచికాలు. చాలాసేపు ఎవరెవరో మాట్లాడుకోవడం. ఆ తర్వాత మేస్త్రి గొంతు, "ఖాళీ." ఆ వెంటనే మొదటి దెబ్బ.

అప్పుడు కేకన్న అంతా చెప్పాడు. గచ్చు మీద గుంటలు, కుట్టుమిషను, ముందు గదిలోంచి అడిగే మాట, వెనక గదిలోంచి వచ్చే మాట. మేనకోడలు ఒళ్ళో చేతులు పెట్టుకుని విన్నది.

"ఆవిడ ఎక్కడుందో కనుక్కుని ఇది వినిపిద్దామా మామయ్యా? ఆయన గొంతో కాదో ఆవిడకే తెలుస్తుంది."

అతను కూడా అదే అనుకుంటున్నాడు. పెళ్ళాం అడ్డుపడింది.

"వద్దు. ఆవిడ మొగుడు పోయాడనుకుని ఆ ఇల్లు వదిలి వచ్చింది. ఇది వింటే, ఉన్న మనిషిని వదిలేసి వచ్చాననుకుంటుంది. ఆ గొంతు ఆయనది కాకపోయినా ఆయనదే అనిపిస్తుంది. ఊరుకోండి."

మేనకోడలు తెర మూయబోతూ, "అయితే ఆటలోంచి తీసేస్తాను. మావాళ్ళూ అదే అంటున్నారు. జవాబిచ్చి కనబడకపోతే జనానికి చిరాకు" అంది.

"అందరూ చిరాకు పడుతున్నారా?"

"అందరూ కాదు. ఒకడు, అదే, అక్కడే కూర్చున్నాడన్నానే, వాడు నిన్న మళ్ళీ రాశాడు." వెతికి చదివింది. "'వెతకడం మానేశాను. ఆట తెరవగానే ముందు అక్కడికెళ్ళి ఒకసారి పిలిపిస్తాను. ఆ మాట విని, తర్వాత రాక్షసుల దగ్గరికి పోతున్నాను. దయచేసి దీన్ని బాగుచెయ్యకండి.'"

కేకన్న తెర వైపు చూశాడు. బస్తాలు, చీకటి, గుమ్మంలో తన గొంతున్న ముసలివాడు.

"ఉంచు" అన్నాడు. "ఇల్లు మేం పడగొట్టేశాం. ఇక్కణ్ణుంచి కూడా తీసేస్తే ఎక్కడికి పోతాడు?"

మేనకోడలు మూత దించేసింది. తియ్యనని నోటితో అనలేదు, తలూపింది. వెళ్ళేటప్పుడు ఆ ముక్క అతని ఫోనులో వేసి వెళ్ళింది.

మర్నాడు పనిలోకి వెళ్ళగానే మేస్త్రికి వినిపించాడు. మేస్త్రి టీ గ్లాసు పక్కన పెట్టి ఒకసారి విన్నాడు. మళ్ళీ విన్నాడు. రెండోసారి చివర్లో తన గొంతు వచ్చేసరికి ఫోను తిరిగిచ్చేశాడు.

"పక్కింటోడే అయ్యుంటాడు" అన్నాడు, ఎటో చూస్తూ.

"అయ్యుండొచ్చు."

"ఇది నాకెందుకు వినిపించావయ్యా?"

"నా చెవులు బాగున్నాయని చెప్పడానికి."

మేస్త్రి టీ పారబోసేశాడు. "నువ్వే వెయ్యి ఈ వేళ కేక" అన్నాడు.

పొడుగోడు ఊపిరి పీల్చుకున్నాడు. "బతికించావన్నా. నేను పిలిస్తే ఇంట్లోవాళ్ళు అప్పులవాడొచ్చాడనుకుని దాక్కుంటారని మనవాళ్ళు ఎగతాళి చేస్తున్నారు."

ఆ రోజు ఇల్లు పెద్దదే. కేకన్న లోపలికి వెళ్ళాడు. గదిగదికీ ఒక్కసారే పిలిచాడు, గోడకి అరచెయ్యి ఆనించాడు, కేక పోయేదాకా నిలబడ్డాడు. ఏ గదిలోనూ ఎవరూ పలకలేదు. ఒకప్పుడైతే అది చాలు. ఇప్పుడు ఆఖరి గదిలో నిలబడి ఆలోచించాడు. పలికిన చోట మనిషి లేడు. పలకని చోట ఎవరూ లేరని ఎవరు చెప్పొచ్చారు? తను అడగగలడు, వినగలడు. అంతకుమించి తనకేం తెలుసు?

బయటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. ముఠా మొత్తం సమ్మెటలు దించి అతని నోటి వైపే చూస్తోంది. మేస్త్రి కూడా.

"పిలిచాను" అన్నాడు కేకన్న. "ఎవరూ పలకలేదు."

ఖాళీ అన్న మాట కూడా వస్తుందని అందరూ చూశారు. రాలేదు.

"అంటే అన్నా," అన్నాడు పొడుగోడు, గొంతు తగ్గించి, "కొట్టమనా, వద్దనా?"

"కొట్టమనే."

పొడుగోడు సమ్మెట ఎత్తాడు. గోడ మీద పడిన మొదటి దెబ్బ మాత్రం, ఎవరిదో తలుపు తట్టినంత మెల్లగా ఉంది.